పాలపళ్లు ముందే ఊడుతున్నాయా? అరచేతులు కూడా చూడండి

"పాలపళ్లే కదా, ఎలాగూ ఊడేవే" అని ఇళ్లలో పెద్దవాళ్లు అంటుంటారు. ఆరేళ్లు దాటాక ఆ మాట నిజమే. కానీ మూడు, నాలుగేళ్ల పిల్లలకు పుచ్చు లేకుండా, దెబ్బ తగలకుండా పళ్లు కదిలి ఒక్కొక్కటే రాలిపోతుంటే డాక్టరుకు చూపించాల్సిందే. కొన్ని అరుదైన జన్యు జబ్బులు మొదట నోట్లోనే బయటపడతాయి.

అలాంటిదే పాపియాన్-లెఫెవ్ర్ సిండ్రోమ్. 1924లో ఒకే ఇంటి అబ్బాయి, అమ్మాయిలో దీన్ని గమనించి రాసిన ఇద్దరు ఫ్రెంచి డాక్టర్ల పేర్లే దీనికి వచ్చాయి. పది లక్షల మందిలో ఒకరి నుంచి నలుగురిలో మాత్రమే కనిపిస్తుంది. పళ్లు వేళకే వస్తాయి. వచ్చిన కొంతకాలానికే చిగుళ్లు వాచి, రక్తం కారి, నోరు వాసన వస్తుంది. పంటిని పట్టి ఉంచే ఎముక కరిగిపోతుంది. నాలుగైదేళ్లకల్లా పాలపళ్లు చాలావరకు ఊడిపోతాయి. పళ్లు పోగానే చిగుళ్లు మళ్లీ మామూలుగా అయిపోతాయి కాబట్టి ఇంట్లోవాళ్లు నయమైందనుకుంటారు. శాశ్వత పళ్లు వచ్చాక మళ్లీ అదే వరస. చికిత్స లేకపోతే పదిహేను, పదహారేళ్లకు అవీ చాలావరకు పోతాయి.

రెండో గుర్తు అరచేతుల్లో, అరికాళ్లలో ఉంటుంది. చర్మం మందంగా, గరుకుగా మారి పగుళ్లు వస్తాయి. చర్మానికి ఒక డాక్టరు, పళ్లకు ఇంకో డాక్టరు దగ్గరికి తిరిగితే ఈ రెంటినీ కలిపి చూసేవాళ్లే ఉండరు. అందుకే పళ్ల డాక్టరుకు చేతులు, కాళ్లు కూడా చూపించాలి.

దీనికి కారణమైన సీటీఎస్‌సీ జన్యువును 1999లో గుర్తించారు. అది పాడైతే తెల్ల రక్తకణాలు సూక్ష్మక్రిములతో సరిగా పోరాడలేవు. కొందరు పిల్లల్లో చర్మం మీద, అరుదుగా కాలేయంలో కూడా చీము గడ్డలు వస్తాయి.

పాడైన జన్యువు అమ్మీ, అబ్బా ఇద్దరి నుంచీ వస్తేనే బిడ్డకు జబ్బు వస్తుంది. వాళ్లిద్దరికీ ఏ లక్షణమూ ఉండదు. తప్పు కోడలిదని వేలు చూపడానికి ఇక్కడ చోటే లేదు. ఖాలా, మామూ, చాచా, ఫుప్పూ పిల్లల మధ్య పెళ్లిళ్లలో ఇద్దరి దగ్గరా అదే లోపం ఉండే అవకాశం పెరుగుతుంది. హిందువుల మేనరికాల్లోనూ ఇదే లెక్క. ప్రతి కాన్పులోనూ 25 శాతం అవకాశం ఉంటుంది. నలుగురిలో ఒకరికి వచ్చేసింది కాబట్టి మిగతా ముగ్గురికీ రాదనుకోవడం తప్పు. ప్రతిసారీ లెక్క కొత్తగా మొదలవుతుంది.

పళ్లు అసలు తక్కువగా వచ్చే జబ్బు ఇంకొకటి ఉంది, ఎక్టోడెర్మల్ డిస్ప్లేసియా. వచ్చిన కొన్ని పళ్లూ మేకుల్లా మొనదేలి ఉంటాయి, జుట్టు పలచగా ఉంటుంది. దీనిలో ఎక్కువగా కనిపించే రకంలో చెమట సరిగా పట్టదు. సింధ్‌లోని ఒక కుటుంబంలో నాలుగు తరాల మగవాళ్లకు ఇలా ఉందని, ఆడపిల్లలకు రాకపోయినా వాళ్ల కొడుకులకు వచ్చిందని డార్విన్ 1875లోనే రాశాడు. మన ఎండల్లో ఇది ప్రాణాల మీదికి వస్తుంది. చెమట పట్టక ఒళ్లు కాలిపోతుంటే ఇంట్లోవాళ్లు మామూలు జ్వరం అనుకుంటారు. తడిగుడ్డతో ఒళ్లు తుడవాలి, నీడలో ఉంచాలి, వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లాలి.

అయిదేళ్లలోపు పన్ను వేరుతో సహా ఊడి వస్తే దాన్ని పారేయకుండా డాక్టరుకు చూపించండి. హైపోఫాస్ఫటేసియా అనే ఎముకల జబ్బుకు అది గుర్తు కావచ్చు. మామూలు ల్యాబుల్లో చేసే ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ రక్తపరీక్షలో విలువ వయసుకు తగ్గట్టు కాకుండా తక్కువగా వస్తే అనుమానం బలపడుతుంది.

అలాగని పళ్లు కాస్త ఆలస్యమైన ప్రతి బిడ్డకూ జబ్బు ఉందని భయపడొద్దు. చాలామందికి ఏమీ ఉండదు.

పాపియాన్-లెఫెవ్ర్‌ను పూర్తిగా పోగొట్టే మందు లేదు. కానీ తొందరగా తెలిస్తే క్లీనింగ్, యాంటీబయాటిక్స్, చర్మానికి మందులతో కొన్ని శాశ్వత పళ్లయినా నిలబెట్టే వీలుంది. పళ్లు లేని చిన్న పిల్లలకూ కట్టుడు పళ్లు పెడతారు. అంగన్‌వాడీలకు, సర్కారు బడులకు వచ్చే బాల స్వాస్థ్య కార్యక్రమం టీమ్‌కు చూపిస్తే జిల్లా కేంద్రానికి పంపుతారు. హైదరాబాద్‌లో నిమ్స్‌లో జన్యు విభాగం ఉంది. వెళ్లేటప్పుడు పాత రిపోర్టులు తీసుకెళ్లండి. తల్లిదండ్రులు దగ్గరి చుట్టాలైతే ఆ సంగతి డాక్టరు అడగకముందే చెప్పండి.