వుమన్‌లెస్ బ్యూటీ పేజెంట్

అమెరికా దక్షిణ రాష్ట్రాల చిన్న ఊళ్లలో మగవాళ్లు ఆడవేషం వేసుకుని నవ్వుల కోసం జరుపుకునే అందాల పోటీ. బడికో, చర్చికో, క్యాన్సర్ సహాయనిధికో విరాళాలు పోగుచేయడం దీని ఉద్దేశం. 20వ శతాబ్ది తొలి దశాబ్దాల్లో అక్కడ విరివిగా ఆడిన ‘వుమన్‌లెస్ వెడ్డింగ్’ అనే ప్రహసనం దీనికి దగ్గరి పూర్వరూపం. అందులో పెళ్లికూతురు, తోడిపెళ్లికూతుళ్లు, కంటతడి పెట్టే తల్లి అందరూ మగవాళ్లే. ఊళ్లో పేరున్న పెద్దలే వేషాలు కట్టేవారు. పూలు చల్లే చిన్నపిల్ల వేషానికి భారీకాయుణ్ణి ఎంచుకోవడం మామూలు.

నేటి పోటీల్లో ఆటగాళ్లు, ఉపాధ్యాయులు గౌను, విగ్గు, హైహీల్స్‌తో తడబడుతూ నడుస్తారు. కొన్నిచోట్ల హ్యాండ్‌బ్యాగు పట్టుకుని ప్రేక్షకుల మధ్య తిరిగి డాలర్లు వసూలు చేస్తారు. ఎక్కువ తెచ్చినవారికి బహుమతి. గడ్డాలూ కండలూ దాచాలని ఎవరూ పట్టుబట్టరు. తెలుగు నాటకాల్లో ఆడవేషం వేసి స్త్రీయేనని భ్రమింపజేసిన నటుడు స్థానం నరసింహారావు నటనకు ఇది పూర్తిగా భిన్నం. ఇక్కడ వేషం కుదరకపోవడమే వినోదం.

పాత ప్రహసనాల్లో కొన్నిటిలో శ్వేతజాతీయులు ముఖానికి నలుపు పూసుకుని నల్లజాతి స్త్రీలను ఎగతాళి చేసేవారు. ఆ మచ్చ కప్పిపుచ్చదగినది కాదు. స్త్రీలను, ట్రాన్స్‌జెండర్లను కించపరుస్తున్నాయన్న విమర్శ ఈనాటి పోటీలపైనా ఉంది.