ఖాళీ గదుల లెక్క: చికాగో బడుల కథ

ఈ రోజు కథ గదుల లెక్కతో మొదలవుతుంది. ఒక ఊళ్లో ఇన్ని బడులున్నాయి, బడికి ఇన్ని గదులు, గదికి ఇంతమంది పిల్లలు. ఇక్కడ కిక్కిరిసి ఉన్నారు, అక్కడ ఖాళీగా ఉంది, కాబట్టి వీళ్లని కొంచెం అటు సర్దుదాం. వినడానికి ఇంతకన్నా సాదా పని ఉండదు. పెళ్లింట్లో బంతి భోజనాలకి విస్తళ్లు సర్దినట్టే అనిపిస్తుంది. కానీ అమెరికాలో చికాగో నగరంలో ఈ సర్దుబాటు జనాన్ని రెండుసార్లు వీధుల్లోకి తెచ్చింది. 1963లో ఒకసారి, 2013లో ఇంకోసారి. తమాషా ఏంటంటే, మొదటిసారి గొడవ సర్దడం లేదని. రెండోసారి గొడవ సర్దేస్తున్నారని. రెండుసార్లూ రోడ్డెక్కింది మాత్రం దాదాపు అవే పేటల జనం.

ముందు ఒక మాట. అమెరికాలో స్కూల్ డిస్ట్రిక్ట్ అంటే మన జిల్లా లాంటిది కాదు. అది బడుల కోసమే ఉన్న ఒక ప్రత్యేకమైన పాలనా సంస్థ. దానికి తన పన్ను, తన బోర్డు, తన అధిపతి ఉంటారు. చికాగోలో నగరం మొత్తానికీ ఒకటే డిస్ట్రిక్ట్. దాని బోర్డు సభ్యుల్ని మన కథ జరిగిన కాలమంతా మేయరే నియమించేవాడు. పేట బడికి ఒక హద్దు గీత ఉంటుంది. ఆ రోజుల్లో ఆ గీత లోపల ఇల్లున్న పిల్లలు మామూలుగా ఆ బడికే వెళ్లాల్సి వచ్చేది. గీత ఎక్కడ గీయాలన్నది బోర్డు చేతిలో పని. ఈ గీతే మన కథలో అసలు పాత్ర.

ఇప్పుడు వెనక్కి వెళ్దాం. దక్షిణాది రాష్ట్రాల నుంచి, పత్తి చేల నుంచి, నల్లజాతి కుటుంబాలు రైళ్లెక్కి ఉత్తరాది నగరాలకి వచ్చాయి. చికాగోలో 1940లో నల్లవాళ్లు సుమారు 2 లక్షల 78 వేలు. 1960 నాటికి 8 లక్షలు దాటారు. ఇరవై ఏళ్లలో దాదాపు మూడింతలు! మరి వీళ్లంతా ఎక్కడున్నారు? ఎక్కడపడితే అక్కడ ఉండనివ్వలేదు. నల్లవాళ్లకి ఇల్లు అమ్మబోమని దస్తావేజుల్లోనే రాసుకునేవాళ్లు. అలాంటి షరతుల్ని కోర్టులు అమలు చేయకూడదని 1948లో సుప్రీంకోర్టు చెప్పింది, అయినా అలవాటు పోలేదు. దాంతో చాలామంది నగరం దక్షిణ భాగంలో ఒక సన్నని పట్టీలో ఇరుక్కున్నారు. 1962కల్లా అక్కడ రాబర్ట్ టేలర్ హోమ్స్ అని 16 అంతస్తుల భవనాలు 28 వరసగా లేపారు. నిండుగా ఉన్న రోజుల్లో వాటిలో 27 వేలమంది దాకా ఉన్నారు, అందులో ఎక్కువమంది పిల్లలే. అంతమంది పిల్లలు ఒక్కసారిగా వచ్చి పడితే ఆ పేట బడుల గతేమిటో మీరే ఊహించుకోండి.

బడులు పట్టలేదు. అప్పుడు రెండు షిఫ్టులు పెట్టారు. సగంమంది పొద్దున, సగంమంది మధ్యాహ్నం. మన పిల్లలకి ఎండాకాలంలో ఒంటిపూట బడులంటే పండగ కదా! వీళ్లకి ఏడాది పొడుగూ ఒంటిపూటే. పనికెళ్లే తల్లులకి మిగతా పూట పిల్లల్ని ఎవరు చూస్తారన్న బెంగ. చదువుకునే సమయంలో కోత. ఇంకోపక్క అదే నగరంలో, కొన్ని మైళ్ల దూరంలోనే, తెల్లవాళ్ల పేటల్లో జనం శివార్లకి తరలిపోతున్నారు, అక్కడి బడుల్లో బల్లలు ఖాళీ అవుతున్నాయి. హద్దు గీతని కొన్ని వీధులు అటు జరిపితే చాలా గదులు దొరికేవి.

ఇక్కడ బెంజమిన్ విల్లిస్ అనే పెద్దమనిషి వస్తాడు. 1953 నుంచి చికాగో బడుల సూపరింటెండెంటు. చేతకానివాడని మాత్రం ఎవరూ అనలేరు. కొత్త బడులు కట్టించాడు, పాతవాటికి గదులు చేర్పించాడు, కట్టడంలో మనిషికి మంచి పేరే ఉంది. కానీ గీత జరపడానికి మాత్రం ససేమిరా అన్నాడు. పిల్లలు ఇంటి దగ్గర బడికే వెళ్లాలి, అది నా సిద్ధాంతం అన్నాడు. ఏ బడిలో ఎంత ఖాళీ ఉందో లెక్క చూపించండి స్వామీ అని అడిగితే చాలాకాలం మొండికేశాడు. నన్నడిగితే ఆయన మీద మొదటి అనుమానం అక్కడే వస్తుంది. గదుల లెక్క దాచాల్సినంత రహస్యమా?

1961లో నల్లవాళ్ల హక్కుల సంఘం ఎన్‌ఏఏసీపీ ఒక పని చేయించింది. నల్ల తల్లిదండ్రులు పిల్లల్ని వెంటబెట్టుకుని తెల్లవాళ్ల బడులకి వెళ్లి, మా వాడిని చేర్చుకోండని అడిగారు. చేర్చుకోలేదు. కోర్టులో కేసు పడింది. అప్పుడు విల్లిస్ కనిపెట్టిన ఉపాయం ఏంటంటే, చక్రాల గదులు. అల్యూమినియం రేకులతో చేసిన ట్రెయిలర్లు కొని, నిండిపోయిన బడుల ఆటస్థలాల్లోనూ, ఖాళీ జాగాల్లోనూ నిలబెట్టించాడు. అంటే పిల్లల్ని గదుల దగ్గరికి పంపకుండా గదుల్నే పిల్లల దగ్గరికి లాక్కొచ్చాడన్నమాట. జనం వాటికి ‘విల్లిస్ వ్యాగన్లు’ అని పేరు పెట్టారు. ఆ పేరు పెట్టింది రోజీ సింప్సన్ అని చెబుతారు. ఆవిడ ఎంగిల్‌వుడ్ పేటలో బడిపిల్లల తల్లి, అక్కడి ఆందోళనలో ముందు నడిచిన మనిషి.

1963 వేసవిలో 73వ వీధి, లో ఎవెన్యూ కలిసే చోట, రైలు పట్టాల పక్కన ఉన్న జాగాలో ఈ రేకు గదులు పెట్టబోయారు. తల్లులు, కుర్రాళ్లు వెళ్లి అడ్డం పడ్డారు, బుల్డోజర్ల ముందు పడుకున్నారు. పోలీసులు మోసుకుపోయారు. ఆ ఆగస్టులో అరెస్టయినవాళ్లలో చికాగో విశ్వవిద్యాలయం కుర్రాడొకడు ఉన్నాడు, 25 డాలర్ల జరిమానా వేశారు. ఆ కుర్రాడు బెర్నీ శాండర్స్. తర్వాత సెనేటరయ్యాడు, అధ్యక్ష పదవికి అభ్యర్థిత్వం కోసం పోటీపడ్డాడు. ఆ అరెస్టు ఫోటో 2016 ఎన్నికలప్పుడు పాత పెట్టెల్లోంచి బయటపడింది.

ఆ అక్టోబరులో అసలు పేలుడు జరిగింది. చదువులో ముందున్న కొద్దిమంది పిల్లలు వేరే హైస్కూళ్లకి మారొచ్చని బోర్డు ఒక చిన్న పథకం పెట్టింది. చిన్నదే, చూడండి. దానికే బోగన్ హైస్కూలు చుట్టుపక్కల తెల్లవాళ్లు గొడవకి దిగారు. విల్లిస్ ఆ జాబితాలోంచి కొన్ని బడుల పేర్లు కొట్టేశాడు. తల్లిదండ్రులు కోర్టుకెళ్తే, తిరిగి చేర్చమని కోర్టు చెప్పింది. చేర్చే బదులు ఆయన రాజీనామా ఇచ్చాడు. బోర్డు ఏం చేసింది? వద్దు బాబూ ఉండమని బతిమాలుకుంది. అంతే, నల్లపేటలకి మండింది.

1963 అక్టోబరు 22. ఆ రోజుకి స్వాతంత్ర్య దినం అని పేరు పెట్టుకున్నారు. 2 లక్షలకి పైగా పిల్లలు బడికి వెళ్లలేదు. ఇది ఊరికే సెలవు పెట్టి ఆడుకోవడం కాదు. చర్చిల్లో, సంఘం హాళ్లలో ఆ ఒక్కరోజుకి బడులు నడిపారు. నల్లవాళ్ల చరిత్ర చెప్పారు, పాటలు పాడించారు. మధ్యాహ్నం వేలమంది ఊరేగింపుగా బోర్డు ఆఫీసుకి వెళ్లారు. మళ్లీ 1964 ఫిబ్రవరిలో ఇంకోసారి బడులు ఎగ్గొట్టారు. విల్లిస్ మాత్రం కదల్లేదు.

1965లో జరిగిన ఒక సంగతి మన తెలుగువాళ్లం తప్పకుండా తెలుసుకోవాలి. కొత్తగా వచ్చిన పౌరహక్కుల చట్టం కింద ఫిర్యాదు వెళ్లింది. వాషింగ్టన్‌లో విద్యాశాఖ కమిషనర్ ఫ్రాన్సిస్ కెప్పెల్, చికాగోకి రావాల్సిన 3 కోట్ల డాలర్లకి పైగా నిధులు ఆపేశాడు. మేయర్ రిచర్డ్ డేలీ అగ్గిమీద గుగ్గిలం అయ్యాడు. అక్టోబరు 3న అధ్యక్షుడు జాన్సన్ న్యూయార్కులో ఉన్నాడు. స్వేచ్ఛా ప్రతిమ పాదాల దగ్గర కొత్త వలస చట్టం మీద సంతకం పెట్టడానికి వచ్చాడు. మన డాక్టర్లకి, ఇంజనీర్లకి అమెరికా తలుపు తీసింది ఆ చట్టమే. డేలీ అదే రోజు అక్కడే జాన్సన్ని పట్టుకుని నిలదీశాడు. వారం తిరక్కుండా నిధులు వెనక్కి వచ్చాయి. ఒకే నగరం, ఒకే రోజు. ఒక తలుపు తెరుచుకుంది, ఇంకో తలుపు మూసుకుంది. చికాగో శివార్లలో స్థిరపడ్డ మనవాళ్లలో ఈ రెండో తలుపు సంగతి తెలిసినవాళ్లు నాకైతే పెద్దగా తారసపడలేదు.

విల్లిస్ 1966లో దిగిపోయాడు. రేకు గదులు తర్వాత కూడా చాన్నాళ్లు ఉన్నాయి. గీతలు పెద్దగా జరగలేదు. గీత జరపకుండా ఉండటం కోసం ఏం చేశారంటే, నల్లపేటల లోపలే కొత్త బడులు కట్టుకుంటూ పోయారు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీనికే వస్తాం.

తర్వాత యాభై ఏళ్లు గబగబా దాటేద్దాం. ఉక్కు ఫ్యాక్టరీలు మూతబడ్డాయి. రాబర్ట్ టేలర్ హోమ్స్‌ని 2007కల్లా పూర్తిగా కూల్చేశారు. 2000, 2010 జనాభా లెక్కల మధ్య చికాగోలో నల్లవాళ్లు సుమారు 1 లక్షా 80 వేలమంది తగ్గిపోయారు. ఒకప్పుడు పిల్లలు పట్టని బడులు ఇప్పుడు బోసిపోయాయి.

2013 మార్చిలో డిస్ట్రిక్ట్ ఒక లెక్క బయటపెట్టింది. మా దగ్గర 5 లక్షల 11 వేలమందికి సరిపడా చోటుంది, ఉన్నది 4 లక్షల 3 వేలమంది. వంద కోట్ల డాలర్ల లోటు కూడా ఉంది. కాబట్టి బడులు మూసి, కలిపేయాలి. మేయర్ రామ్ ఇమాన్యుయేల్. బడుల అధిపతి బార్బరా బర్డ్-బెన్నెట్. ఈవిడే తర్వాత ఒక కాంట్రాక్టు అవినీతి కేసులో నేరం ఒప్పుకుని జైలుకి వెళ్లింది, అది వేరే కథ.

ఇక్కడ కొంచెం ఆగి ఆ సూత్రం చూడాలి. బడిలో ఉన్న మొత్తం గదుల్లో ముప్పాతిక కంటే కాస్త ఎక్కువ తరగతి గదులు అనుకుంటారు. గదికి 30 మంది. అంటే 30 తరగతి గదులున్న బడిలో 900 మంది ఉండాలి. 80 శాతం లోపు, అంటే 720 కన్నా తక్కువ ఉంటే ఆ బడి ఖాళీ కింద లెక్క. 600 మంది ఉన్నారనుకోండి, గదికి ఇరవైమంది చొప్పున. ఏ పంతులమ్మనైనా అడగండి, ఇరవైమంది ఉంటే ఎంత హాయిగా చెప్పొచ్చో! కాగితం మీద మాత్రం అది వృథా. వైకల్యం ఉన్న పిల్లల గదుల్లో నిబంధన ప్రకారమే తక్కువమందిని కూర్చోబెట్టాలి. ఈ సూత్రానికి ఆ తేడా పట్టదని తల్లిదండ్రులు మొత్తుకున్నారు.

1963లో ఖాళీల లెక్క తీయండంటే తీయలేదు. 2013లో అదే లెక్కని కత్తిలా దూశారు. మే 22న బోర్డు ఓటేసింది. 49 ప్రాథమిక బడులు, ఒక హైస్కూలు కార్యక్రమం, మొత్తం 50. ఒక్క దెబ్బకి ఇన్ని బడులు అమెరికాలో అంతకుముందు ఏ నగరమూ మూయలేదు. సుమారు 12 వేలమంది పిల్లలు మారాల్సి వచ్చింది. వాళ్లలో పదికి తొమ్మిదిమంది దాకా నల్లపిల్లలు. డిస్ట్రిక్ట్ మొత్తం మీద చూస్తే వాళ్లు పదికి నలుగురే.

న్యాయంగా రెండో వైపు కూడా చెప్పాలి. సగం ఖాళీగా ఉన్న పాత భవనానికి కూడా బాయిలర్ వెలగాలి, కప్పు కారితే బాగుచేయాలి, హెడ్మాస్టరు జీతం ఇవ్వాలి. ఆ డబ్బు పిల్లల మీద పెడితే మంచిదే కదా అన్న వాదనని తీసిపారేయలేం. నేనూ మొదట అదే అనుకున్నాను. కానీ చేరిన బడిలో ఏం జరిగిందో చూడాలిగా. చికాగోలో ఒక్కో వీధీ ఒక్కో ముఠాది. ఆ గీతలు బోర్డు మ్యాపులో ఉండవు. అందుకే పసుపు జాకెట్లు వేసిన మనుషుల్ని మూలమూలనా నిలబెట్టి పిల్లల్ని దాటించాల్సి వచ్చింది. 2018లో చికాగో విశ్వవిద్యాలయం పరిశోధకులు చూస్తే, మూసేస్తున్నామని ప్రకటించిన సంవత్సరమే పిల్లల మార్కులు పడిపోయాయి. లెక్కల్లో ఆ దెబ్బ నాలుగేళ్ల దాకా మానలేదు.

మనకి ఇది కొత్తగా ఏం లేదు. 2022 జూన్‌లో ఆంధ్రప్రదేశ్‌లో జీవో 117 వచ్చింది. 3, 4, 5 తరగతుల్ని దగ్గర్లోని హైస్కూళ్లకి మార్చారు. బడులు తెరవగానే చాలా ఊళ్లలో తల్లిదండ్రులు మా ఊరి బడి మాకుండాలని ధర్నాలు చేశారు. 2024లో ప్రభుత్వం మారింది, 2025లో ఆ జీవో రద్దయింది. చికాగోతో పోలిక ఎంతవరకు కుదురుతుందో మీరే తేల్చుకోండి. అక్కడ జాతి గీత ఉంది, ఇక్కడి గీతలు వేరు.

చివరగా ఇందాక గుర్తుపెట్టుకోమన్న మాట. గీత జరపకుండా నల్లపేటలో కట్టిన బడుల్లో ఒకటి ఆంథొనీ ఓవర్టన్ ఎలిమెంటరీ. 1963లోనే, అంటే పిల్లలు బడి ఎగ్గొట్టి ఊరేగిన ఏడాదే కట్టారు. ఓవర్టన్ అంటే సౌందర్య సాధనాల వ్యాపారంతో పైకొచ్చి, సొంతంగా బ్యాంకు, పత్రిక నడిపిన నల్లజాతి వ్యాపారి. గాజు కిటికీలతో వెలుతురు ధారాళంగా వచ్చే మూడంతస్తుల భవనం. ఇంత పిల్లల రద్దీని మోయడానికి కట్టిన ఆ బడిని సరిగ్గా యాభై ఏళ్లకి, 2013లో, పిల్లలు చాలడం లేదని మూసేశారు. తర్వాత దాన్ని చారిత్రక కట్టడాల జాతీయ జాబితాలో చేర్చారు. ఇప్పుడది కూల్చకుండా కాపాడుకునే భవనం, బడి మాత్రం కాదు.

ఈ ఎపిసోడ్‌కి ఇక్కడితో ఆపుదాం. మీ ఊళ్లో బడి విలీనమైతే అప్పుడేం జరిగిందో కింద రాయండి, చదువుతాను.