మానా శిబిరం

ఛత్తీస్‌గఢ్ రాజధాని రాయపూర్ శివారులో, విమానాశ్రయం సమీపాన, తూర్పు పాకిస్తాన్ నుంచి వచ్చిన బెంగాలీ కాందిశీకుల కోసం వెలసిన తాత్కాలిక ఆశ్రయ కేంద్రం. 1964 నాటి మతకల్లోలాల తరువాత వలస ఉద్ధృతమైంది. వచ్చినవారిలో నామశూద్ర రైతు కుటుంబాలు ఎక్కువ. 1958లో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన దండకారణ్య పథకం కింద బస్తర్, కోరాపుట్ జిల్లాలలో వారికి శాశ్వత నివాసం, సాగుభూమి కల్పించారు. పరల్‌కోట్, ఉమర్‌కోట్, మల్కన్‌గిరి ముఖ్య పునరావాస ప్రాంతాలు. డెల్టా వరిసాగుకు అలవాటుపడిన వారికి వర్షాధార మెట్టభూములు కొరుకుడుపడలేదు. 1978లో వేలమంది పశ్చిమ బెంగాల్‌కు తరలిపోయారు. సుందర్‌బన్స్‌లోని మరిచ్‌ఝాపి ద్వీపంలో స్థిరపడినవారిని 1979లో ప్రభుత్వం ఖాళీ చేయించింది. ప్రస్తుతం ‘మానా క్యాంప్’ పేరుతోనే ఇది రాయపూర్ జిల్లాలో ఒక నగర పంచాయతీ.