ప్రశ్నకు ముందు ఒక శ్వాస



సెప్టెంబరు నెల సమీపించిందంటే జురాంగ్ ఈస్ట్‌లోని మన ఇళ్లలో అర్ధరాత్రి దాకా దీపాలు వెలుగుతూనే ఉంటాయి. చిన్నవారికి పి.ఎస్.ఎల్.ఈ., పెద్దవారికి ఓ లెవెల్, ఏ లెవెల్. అరచేతుల చెమట, గుండెదడ, నిన్న కంఠస్థమైనది నేడు స్ఫురించకపోవడం మీకు అనుభవమే. 'ముందు నెమ్మదిగా ఊపిరి తీసుకో' అని పెద్దలు చెప్పే మాట వెనుక ఎంత చరిత్ర ఉన్నదో, దానిని ఎంతవరకు నమ్మవచ్చునో పరిశీలిద్దాం.

మన వాఙ్మయంలో ప్రశ్న పేరుతోనే ఒక ఉపనిషత్తు ఉన్నది. అథర్వవేదానికి చెందిన ప్రశ్నోపనిషత్తులో ఆరుగురు జిజ్ఞాసువులు పిప్పలాద మహర్షిని ఆశ్రయిస్తారు. ఒక సంవత్సరం నియమంతో, శ్రద్ధతో ఇక్కడ నివసించండి, ఆ తరువాత అడగండి, మాకు తెలిసినట్లయితే చెబుతాము అని ఆయన అంటాడు. గురువు సైతం 'తెలిసినట్లయితే' అనడం గమనించండి. రెండవ ప్రశ్నకు సమాధానంగా ఆయన బోధించినది ప్రాణమహిమనే. తేనెటీగల రాజు లేస్తే తక్కిన ఈగలన్నీ లేచినట్లు, అది కూర్చుంటే అన్నీ కూర్చున్నట్లు, ఇంద్రియాలు ప్రాణాన్ని అనుసరిస్తాయని అక్కడి ఉపమానం.

మనుస్మృతి రెండవ అధ్యాయం వేదాధ్యయనానికి కూర్చునే విద్యార్థి దర్భాసనంపై ఆసీనుడై, మూడు ప్రాణాయామాలు చేసిన పిదపనే ఓంకారం ఉచ్చరించడానికి అర్హుడని విధించింది. అంటే పాఠానికి ముందు శ్వాస. నాటి ఉద్దేశం శుద్ధియే కాని పరీక్షాభయ నివారణ కాదు. ఆ విధి ఉపనయనమైన బాలురకే పరిమితం. నేడు ఆ హద్దు లేదు. మన అమ్మాయిలకూ అబ్బాయిలకూ ఇది సమానమైన వారసత్వం.

పతంజలి యోగసూత్రాలు దీనిని మనస్సుతో ముడిపెట్టాయి. ప్రాణాయామం వలన చిత్తప్రకాశాన్ని కప్పే ఆవరణ క్షీణిస్తుందని, మనస్సు ధారణకు, అనగా ఏకాగ్రతకు, యోగ్యమవుతుందని రెండవ పాదం చెబుతుంది. 15వ శతాబ్దంలో స్వాత్మారాముడు రచించిన హఠయోగ ప్రదీపిక, వాయువు చలిస్తే చిత్తం చలిస్తుందన్నది. సింహాన్నీ ఏనుగునూ మెల్లమెల్లగా మచ్చిక చేసినట్లే ప్రాణాన్ని వశపరచుకోవాలని, తొందరపడితే అది సాధకునికే చేటని హెచ్చరించినదీ ఆ గ్రంథమే.

ఇక మీరు భయపడే వ్రాతపరీక్ష మన గురుకులాలలో పుట్టినది కాదు. చైనా సామ్రాజ్యంలో ఉద్యోగుల ఎంపికకై వెయ్యేళ్లకు పైగా సాగిన పరీక్షలు 1905లో రద్దయ్యాయి. 1857లో స్థాపితమైన మద్రాసు విశ్వవిద్యాలయం ద్వారా తెలుగునాట మెట్రిక్యులేషన్ వ్యాపించింది. సింగపూరులో పి.ఎస్.ఎల్.ఈ. 1960లో ఆరంభమైంది. శ్వాససాధన వేల ఏళ్లది; ఈ పరీక్షాభయం మన కుటుంబాలలో కొద్ది తరాలది. ఈ రెండింటినీ ఒకచోటికి తెచ్చినది 20వ శతాబ్దం.

1924లో స్వామి కువలయానంద లోణావళాలో కైవల్యధామను స్థాపించి, ప్రాణాయామాన్ని ప్రయోగశాలలో పరిశీలించనారంభించారు. 1952లో అమెరికాలో జార్జ్ మాండ్లర్, సేమర్ సరసన్ అనే మనస్తత్వవేత్తలు పరీక్షాభయాన్ని కొలిచే ప్రశ్నావళిని ప్రకటించారు. 'తప్పుతానేమో' అన్న చింత మనస్సులోని చోటును ఆక్రమించి, జవాబుకు కావలసిన చోటును తగ్గిస్తుందని తరువాతి పరిశోధనలు వివరించాయి. శరీరం సంగతి చూస్తే, ఊపిరి పీల్చినప్పుడు గుండె కొంత వేగంగా, విడిచినప్పుడు కొంత నెమ్మదిగా కొట్టుకుంటుంది. 1847లోనే కార్ల్ లుడ్విగ్ దీనిని నమోదు చేశాడు. 2001లో ఇటలీ వైద్యుడు లూసియానో బెర్నార్డి బృందం, మంత్రజపం వలననూ క్రైస్తవుల జపమాల ప్రార్థన వలననూ శ్వాస నిమిషానికి సుమారు ఆరుకు తగ్గి, హృదయ లయ మెరుగుపడినట్లు చూపింది. ఈ ఫలితం ఏ ఒక్క మతానికో చెందినది కాదు.

కనుక చేయవలసినది సులభం. వెన్ను నిటారుగా ఉంచి, నాలుగు లెక్కించేంతసేపు ముక్కుతో పీల్చి, ఆరు లెక్కించేంతసేపు విడవండి. అదే నిమిషానికి ఆరు శ్వాసలు. ఊపిరిని బలవంతంగా బిగబట్టవద్దు. తల తిరిగితే ఆపండి. పరీక్షనాడు మాత్రమే కాక, ప్రతిదినం చదువుకు ముందు ఐదు నిమిషాలు చేయండి. అలవాటు లేని సాధన ఆపత్సమయంలో అక్కరకు రాదు.

అయితే చదవని పాఠాన్ని శ్వాస గుర్తుకు తేలేదు. నిద్రనూ ఆకలినీ హరించే భయమైతే అమ్మానాన్నలకో, పాఠశాల కౌన్సిలర్‌కో చెప్పండి. అందులో సిగ్గుపడవలసినది లేదు. తల్లిదండ్రులకూ ఒక మనవి. 2021 నుండి పి.ఎస్.ఎల్.ఈ.లో టి-స్కోరు పోయింది. 2023 నాటికి పాఠశాలల్లో అర్ధసంవత్సర పరీక్షలు తొలగాయి. భారం తగ్గించాలని ప్రభుత్వమే తలచినప్పుడు, ఇంటిలో మనం దానిని పెంచరాదు. మార్కులు అడిగే ముందు మనమూ ఒక దీర్ఘశ్వాస విడుద్దాం.

పిప్పలాదుని వద్దకు వెళ్లినవారిని అడగడానికి ముందు ఒక సంవత్సరం నిలకడగా ఉండమన్నారు. మీకు పరీక్షాగృహంలో దొరికేది ఒక్క నిమిషమే. ప్రశ్నపత్రం తెరిచే ముందు ఆ నిమిషాన్ని మీకోసం ఉంచుకోండి. శుభమస్తు.