మన్యం బడిలో మిషను అడుగుజాడ

మారేడుమిల్లి నుంచి ఘాట్ రోడ్డు దిగి, చింతూరు మీదుగా భద్రాచలం చేరి, గోదావరి వెంట ఇంకాస్త ఎగువకు వెళ్తే దుమ్ముగూడెం వస్తుంది. ఈ మన్యంలో గిరిజన పిల్లల చదువుకూ క్రైస్తవ విశ్వాసానికీ ముడి ఎక్కడ పడిందో చూడాలంటే అక్కడికి వెళ్లాల్సిందే.

ఆ ముడి వేసింది పాదిరీ కాదు, ఇంజనీరు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక, గోదావరి ఎగువన కూడా పడవలు నడిచేలా చేయాలని కాటన్ దొర సంకల్పించాడు. ఆ పనుల మీద దుమ్ముగూడెంలో ఉన్న హేగ్ దొర గట్టి విశ్వాసి. ఆయన ప్రభావంతో వెంకట్రామరాజు అనే తెలుగు ఉద్యోగి 1860ల తొలినాళ్లలో క్రైస్తవం పుచ్చుకుని, ఉద్యోగం వదిలేసి కోయల మధ్య ప్రచారానికి దిగాడు. పడవ దారి పనులు 1871లో ఆగిపోయాయి. మిషను మాత్రం ఆగలేదు. చర్చి మిషనరీ సొసైటీ తరఫున వచ్చిన జాన్ కెయిన్ ఏళ్ల తరబడి అక్కడే ఉండి కోయ భాష నేర్చాడు, కోయల ఆచారాలను రాసిపెట్టాడు. తర్వాత థర్‌స్టన్ తన కులాలు, తెగల గ్రంథంలో కోయల గురించి రాసినప్పుడు కెయిన్ రాతల మీదే చాలావరకు ఆధారపడ్డాడు. 1889లో లూకా సువార్త కోయ భాషలో అచ్చయింది.

ప్రొటెస్టెంటు మతంలో విశ్వాసి బైబిలు తానే చదువుకోవాలి. అందుకే మిషను వెళ్లిన చోటల్లా ప్రార్థనతో పాటు పలకా వచ్చింది. చాలా గ్రామాల్లో పంతులూ ప్రచారకుడూ ఒక్కడే: వారమంతా గుణింతాలు, ఎక్కాలు, ఆదివారం ఆరాధన. మైదానంలోని వీధిబడిలోనూ దైవప్రార్థన లేకుండా చదువు మొదలయ్యేది కాదు, కానీ ఆ అరుగు మీద గిరిజన పిల్లవాడికి, మాలమాదిగల పిల్లవాడికి చోటుండేది కాదు. మిషను బడి ఆ చోటిచ్చింది. 1854 నాటి వుడ్ విధానంతో సర్కారు గ్రాంటు కూడా దొరకసాగింది. అయితే ఇన్‌స్పెక్టరు వచ్చి పరీక్షించేది చదవడం, రాయడం, లెక్కలే. బైబిలు పాఠానికి పైసా రాలేదు. దాన్ని నడిపింది విశ్వాసమే.

దానికి పిల్లలు చెల్లించిన వెల కూడా ఉంది. అక్షరం నేర్పిన నోరే వేల్పుల కొలుపు పాపమంది. భూమి పండుగ, మామిడి కొత్త గూడెమంతా కలిసి చేసుకునేవి. విశ్వాసంలోకి వెళ్లిన ఇల్లు వాటికి దూరమైంది. ఈ చీలిక చిన్నదని నేననను.

మతం లేకపోతే ఆ బడి సాధ్యమయ్యేదే కాదా? గిడుగు రామమూర్తి జవాబిచ్చారు. పర్లాకిమిడిలో సవర భాష పట్టుదలగా నేర్చుకుని, ఆ భాషలోనే పుస్తకాలు రాసి, సవర పిల్లలకు బడులు పెట్టారు. నిజాం రాజ్యంలో మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ 1943లో మార్లవాయిలో గోండు యువకులనే పంతుళ్లుగా తయారుచేయించాడు. కెయిన్, గిడుగు, హైమన్‌డార్ఫ్ ముగ్గురి దారులూ వేరు. ముగ్గురూ పట్టుకున్నది మాత్రం ఒక్కటే: పిల్లల భాష ఎరిగి, వాళ్ల మధ్య ఉండే మనిషి లేనిదే కొండ మీద బడి నిలవదు.

స్వాతంత్ర్యం తర్వాత రాజ్యాంగం 28వ అధికరణం పూర్తిగా సర్కారు సొమ్ముతో నడిచే బడిలో మతబోధ వద్దంది, ఎయిడెడ్ బడిలో బలవంతం చేయరాదంది. న్యాయమైన నియమమే. గిరిజన సంక్షేమ పాఠశాలలు, ఆశ్రమ పాఠశాలలు వచ్చాయి. తరగతి గది నుంచి బైబిలు వెళ్లిపోయింది. దానితో పాటు గూడెంలో కాపురముండే పంతులూ తగ్గిపోయాడు. ఈ మన్యంలోని మరో తెగ, కొండరెడ్ల గూడేలు చిన్నవి, దూరాలు ఎక్కువ. వాన పట్టి వాగు పొంగితే కింద నుంచి వచ్చే టీచరు ఒడ్డునే ఆగిపోవాలి. విశ్వాసం గూడెంలో రేకుల షెడ్డు కిందికి, ఆదివారం బడికి మారింది. అక్కడ పిల్లలు పాటలు, వాక్యాలు కంఠస్థం చేస్తారు. షెడ్యూల్డు తెగలవారు క్రైస్తవులైనా ఎస్టీ హోదా పోదు, కాబట్టి ఆ పిల్లల్లోంచి రేపు సర్కారు టీచరు రావడానికి మతం అడ్డు కాదు.

అడ్డు వేరే వైపు నుంచి వచ్చింది. షెడ్యూల్డు ప్రాంతాల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే ఇచ్చిన 2000 నాటి జీవో 3ను సుప్రీంకోర్టు 2020 ఏప్రిల్ 22న కొట్టేసింది. నూరు శాతం చెల్లదన్నారు సరే, రాజ్యాంగం ఒప్పే పద్ధతిలో స్థానికులకు పెద్దపీట వేసే కొత్త నిబంధన రావాలి. గూడేల్లో టీచర్లకు ఇళ్లు కట్టాలి.