మునగ చెట్టు ఎక్కొద్దు, మునగ నాటుదాం



ఈ మధ్య ఫోన్ తెరిస్తే మునగాకు పొడి ప్రకటనలే. 300 రోగాలు పోతాయంటున్నారు. పెరట్లో ఊరికే దొరికే ఆకును డబ్బాలో పోసి మళ్లీ మనకే అమ్ముతున్నారు. అందుకే ఈ చెట్టు కథ మనం ఒకసారి చెప్పుకోవాలి.

మునగ పుట్టిల్లు హిమాలయాల దిగువ కొండలు. దక్షిణాదికి పాతకాలంలోనే వచ్చి మన మట్టిలో కలిసిపోయింది. చరక, సుశ్రుత సంహితల్లో దీని పేరు 'శిగ్రు'. శాస్త్రవేత్తలు పెట్టుకున్న 'మొరింగా' అనే పేరుకి మూలం మురుంగై, మురింగ అనే తమిళ, మలయాళ మాటలే. మన పొడి కొండల మీద దీని చుట్టం కారుమునగ కూడా ఉంది.

తెల్లదొరలు దీని గింజల నూనెను గడియారాలకు రాసుకున్నారు. మారిషస్‌కి కూలికి పోయిన మనోళ్లు, తమిళులు ఆకు వండుకుని తిన్నారు. అక్కడ ఈ ఆకుకూరను ఇప్పటికీ 'బ్రెడ్ మురుమ్' అంటారు. సూడాన్‌లో నైలు ఒడ్డు ఆడవాళ్లు గింజలు దంచి కలిపి బురద నీళ్లు తేటపరుచుకునేవాళ్లు. ఇదంతా ఏ కంపెనీ నేర్పిన విద్యా కాదు. కడుపు నింపాల్సిన ఆడవాళ్లు కాపాడిన విద్య.

మన దగ్గర ఆషాఢంలో మునగాకు తినాలనే మాట ఉంది. పప్పులో వేస్తాం, వేపుడు చేస్తాం, కాయలు పులుసు పెడతాం. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పట్టికల ప్రకారం 100 గ్రాముల పచ్చి ఆకులో 6 గ్రాములకు పైగా మాంసకృత్తులు, 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటాయి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశంలోని 15-49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతం మందికి రక్తహీనత ఉందని తేలింది. అలాంటప్పుడు ఈ ఆకు మన కంచంలో ఉండాలా, వద్దా?

అలాగని పొగడ్తలకు పడిపోయి మునగ చెట్టు ఎక్కకూడదు. దాని కొమ్మ పెళుసు, ఎక్కినోడు కింద పడతాడు. మునగాకు కూర, మందు కాదు. రక్తం తక్కువైన వాళ్లు ఐరన్ మాత్రలు మానొద్దు. మనవాళ్లలో సికిల్ సెల్ ఉన్నవాళ్లు ఏ పొడినో నమ్మి ఆసుపత్రికి వెళ్లడం ఆపొద్దు. గర్భిణులు మునగ వేరు, బెరడు జోలికి పోవద్దు.

గొంగళి పురుగులు పడుతున్నాయని చాలా పెరళ్లలో చెట్టునే కొట్టేస్తున్నారు. చెట్టు పోతే మనం డబ్బా కొనాల్సిందే. పురుగులు మొదలు మీద గుంపుగా చేరినప్పుడు కాగడాతో కాల్చేయొచ్చు, చెట్టును కొట్టక్కర్లేదు. నాటు మునగకి చేయంత లావు కొమ్మ పాతితే చాలు, నీళ్లు నిలవని చోటైతే బతుకుతుంది. పెరియకుళం ఉద్యాన కళాశాల తెచ్చిన పీకేఎం-1 రకమైతే గింజ వేసిన ఆరేడు నెలలకే కాస్తుంది.

ఈ వానలకి ఇంటికో కొమ్మ, హాస్టల్‌కి నాలుగు కొమ్మలు నాటుదాం. ఇంట్లో అవ్వలు ఆకు ఎలా వండేవారో అడిగి రాసిపెట్టుకుందాం. అది కూడా మన చరిత్రే.