గోపాలపట్నం పాలలెక్క

విశాఖపట్నం చరిత్ర రాసేవాళ్ళు సాధారణంగా ఒక వరస కడతారు. 1933లో రేవు, 1941లో ఓడల కర్మాగారానికి పునాది, 1957లో చమురుశుద్ధి కర్మాగారం, 1971లో ఉక్కు కర్మాగారానికి ఇందిరాగాంధీ శంకుస్థాపన. ఇన్ని వేలమంది పనివాళ్ళు పొద్దున్నే తాగిన టీలోకి పాలెక్కడివి? ఆ సంగతి ఈ వరసలో దొరకదు. అందులో కొన్ని మా ఇంటివి.

మాది గోపాలపట్నం. ఒకపక్క సింహాచలం కొండ, ఒకపక్క రైలు పట్టాలు, కాస్త దూరంలో మేఘాద్రి గెడ్డ. 1980లలో మా పెరట్లో ఆరు గేదెలుండేవి. వాటి యజమాని కాగితం మీద మా నాన్న. నిజానికి మా మామ్మ. తెల్లవారకముందే లేచి పేడ ఎత్తి, తవుడూ తెలకపిండీ కుడితిలో కలిపి పెట్టి, దూడని వదిలేది. పొదుగు చేపుకి రాగానే దూడని లాగి కట్టేసి పితికేది. గేదె ఈనితే తొలిపాలు అమ్మేది కాదు, జున్ను వండి వీధంతా పంచేది.

"పాలల్లో నీళ్ళు పోత్తే దూడ ఉసురు తగుల్తాదిరా" అనేది మామ్మ. అయినా వాడిక ఇళ్ళలో నెలాఖరుకి అదే మాట: "పాలు పల్చగా ఉంటన్నాయి." ఆ మాటతోనే కొంత డబ్బు తెగిపోయేది. ఎదురు చెప్పడానికి ఆవిడ దగ్గర సాక్ష్యం ఉండేది కాదు.

ఆ సాక్ష్యం పాలకేంద్రంతో వచ్చింది. లాక్టోమీటరు పాల సాంద్రతని మాత్రమే చూస్తుంది. మీగడ తీసి, నీళ్ళు కలిపితే దాన్ని ఏమార్చవచ్చు. అందుకే కొవ్వు పరీక్ష. గాజుగొట్టంలో 10 మిల్లీలీటర్ల గంధకామ్లం, 10.75 మిల్లీలీటర్ల పాలు, ఒక మిల్లీలీటరు అమైల్ ఆల్కహాలు పోసి గిర్రున తిప్పితే కొవ్వు పైకి తేలి గీతల మీద కనబడుతుంది. స్విట్జర్లాండ్‌కి చెందిన గెర్బర్ పంతొమ్మిదో శతాబ్దం చివర్లో కనిపెట్టిన పద్ధతి ఇది. ఆ కొవ్వు శాతాన్ని బట్టే ధర. "ఏడొచ్చింది" అని మామ్మ ఇంటికొచ్చి చెప్పిన రోజు ఆవిడ గొంతు నాకింకా గుర్తుంది. చదువు రాని మనిషి, ఆ ఒక్క అంకెని మాత్రం జాగ్రత్తగా అడిగి తెలుసుకునేది.

దీని వెనక పెద్ద కథే ఉంది. 1946లో గుజరాత్‌లోని ఖేడా రైతులు సహకార సంఘం పెట్టుకున్నారు. గేదెపాలతో పొడి చెయ్యలేమని పాశ్చాత్య నిపుణులు అంటే, 1955లో ఆనంద్‌లో దలాయా చేసి చూపించారు. 1970లో ఆపరేషన్ ఫ్లడ్ మొదలయింది. మన రాష్ట్రంలో 1974లో పాడిపరిశ్రమాభివృద్ధి సంస్థ ఏర్పడింది. మా జిల్లాలో అక్కిరెడ్డిపాలెం విశాఖ డెయిరీ ఊరూరి పాలనీ సేకరించింది. గేదెపాలకి మంచి ధర రావడం మాలాంటి ఇళ్ళని నిలబెట్టింది. ఇది కాదనలేని మేలు.

కానీ లీటర్లలో రాసిన చరిత్రలో కొన్ని రావు. ఆవుకి కోడెదూడ పుడితే సింహాద్రి అప్పన్నకి మొక్కుకుని కొండకి తోలుకెళ్ళేవారు. గేదెకి దున్నదూడ పుడితే దాని మొక్కు ఎవరూ మొక్కరు. చేపు కోసం రెండు గుక్కలు తాగనిచ్చేవాళ్ళం, అంతే. చాలావరకు బక్కచిక్కి పోయేవి, మిగిలినవి కసాయికి. మేం అమ్మిన ప్రతి చెంబులోనూ వాటి వాటా ఉంది. పాస్‌బుక్‌లో మామ్మ పేరు కూడా లేదు.

గడ్డి సంగతీ అంతే. ఊరు పెరిగి పాలు అడిగేవాళ్ళు ఎక్కువయ్యేకొద్దీ, పశువులు మేసే బీళ్ళు ప్లాట్లయ్యాయి. 2005లో గ్రేటర్ విశాఖ ఏర్పడినప్పుడు గాజువాకతోపాటు 32 గ్రామాలు నగరంలో కలిశాయి. మాకు పాలు కొనేవాళ్ళు కరువై గేదెలు పోలేదు. ఎండుగడ్డి మోపు కొని మేపలేక ఒక్కొక్కటిగా అమ్మేశాం. పాలు తాగిన నగరమే మేత తినేసింది.

2020 మే 7 తెల్లవారుజామున మా గోపాలపట్నం పక్కనే వెంకటాపురంలో పాలిమర్ కర్మాగారం నుంచి స్టైరీన్ విషవాయువు వెలువడింది. పన్నెండు మంది చనిపోయారు. కట్టుతాళ్ళతోనే పడిపోయిన పశువుల ఫోటోలు కూడా ఆ రోజు వచ్చాయి. మనుషులు లేచి పరిగెత్తగలరు, గుంజకి కట్టిన గేదె ఎక్కడికి పోతుంది? ప్రభుత్వం చనిపోయిన మనుషుల కుటుంబాలకు కోటి రూపాయల చొప్పున, పశువుకి ఇరవై వేల చొప్పున పరిహారం ప్రకటించింది. ఆ జాబితా చదువుతున్నప్పుడే నాకు తెలిసింది, ఆ వీధుల్లో ఇంకా పాలు పితికేవాళ్ళున్నారని.